ఆదర్శ తండ్రిగారి దుబాసీ

పోయిన ఆదివారం మా తెలుగు సంఘం వాళ్ళు ఖిదిర్‌పూర్‌లో ఒక హాలు తీసుకుని మా బావగారికి శాలువా కప్పారు. ఆదర్శ తండ్రి అట! ఆయన మైకు పట్టుకుని, "మా అమ్మాయికి ముప్ఫై రెండేళ్ళు. ఇప్పటికీ నన్నడక్కుండా జాకెట్టు గుడ్డైనా కొనదు" అన్నారు గర్వంగా. జనం చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కూర్చున్న ఆ అమ్మాయి కూడా తండ్రి ముఖం చూసి కొట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది. వడ్డించిన పులిహోర ముట్టుకోకుండా లేచి వచ్చేశాను. పులిహోర వదులుకోవడం నా జన్మలో అదే మొదటిసారి.

బావగారంటే మా అక్క భర్త. శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడ బెంగాల్ రేవులో గుమాస్తాగా వచ్చి, ఇన్నేళ్ళలో బెంగాలీ నాలుగు ముక్కలు నేర్చుకోని మహానుభావుడు. రాదని ఒప్పుకుంటే పరువు పోతుంది కనక "మనకెందుకా గోల" అనేవారు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అన్న సామెత ఈయన్ని చూసే పుట్టి ఉంటుంది. కూతురు పాపిడి ఏ పక్కకి తీయాలో, ఏ స్నేహితురాలితో మాట్లాడాలో, చారన్నంలోకి అప్పడమో వడియమో, అన్నీ ఆయనే తేల్చేవారు. బయటికొస్తే మాత్రం పదమూడో ఏటి నుంచీ ఆ పిల్లే ఆయనకి నోరు. చేపల బజారులో "దాదా, ఈ ఇలిశ నిన్నటిది, మాకొద్దు" అని అది బెంగాలీలో దులిపేస్తుంటే, ఈయన సంచీ పట్టుకుని వెనక నిలబడి "గట్టిగా అడుగు, గట్టిగా" అని తెలుగులో గొణిగేవారు. ఇంటివాడు కుళాయి కట్టేస్తే పోట్లాడి తిప్పించిందీ అదే. ఒక్కటే షరతు, నాన్న అన్నది అన్నట్టు చెప్పాలి, సొంత మాట కలపకూడదు. ఇక్కడే పుట్టిన అక్కకీ నాకూ బెంగాలీ వచ్చు. కానీ అక్క గడప దాటడం ఆయనకి నచ్చదు. నన్నేమో, "మీ పిన్ని సొంత కవిత్వం కలిపేస్తాది" అని దగ్గరికి రానిచ్చేవారు కాదు. కలిపేదాన్నే మరి, ఆయన మాటల్లో ఉప్పూ కారం ఉంటే కదా!

పదో తరగతి అయ్యాక దాన్ని వేరే స్కూల్లో చేర్చాల్సి వచ్చింది. ముందురోజు ట్రాములో నా భుజానికి ఆనుకుని, "పిన్నీ, నాకు హిస్టరీ చదవాలనుంది. నాన్నతో అనకే" అంది. ఆ మాట అనడానికి దానికి మూడు స్టాపులు పట్టింది.

"రేపు పెద్ద టీచరమ్మ నిన్నే అడుగుతారు. అప్పుడు సెప్పీ. ఆవిడ ఫారంలో రాసేస్తే మీ నాన్న ఏటీ చెయ్యలేరు" అన్నాను. అది తలూపింది. తల్లి కూడా రావాల్సిందే అన్నారు స్కూలువాళ్ళు; అక్కకి జ్వరం వచ్చి, మర్నాడు పొద్దున్న నేనే తోడు వెళ్ళాను.

హెడ్‌మిస్ట్రెస్ ఫారం ముందు పెట్టుకుని కలం తీశారు. బావగారు కుర్చీ చివర కూర్చుని, "సైన్సని సెప్పమ్మా. డాక్టరవుతాదని సెప్పు" అన్నారు. పిల్ల బెంగాలీలో, "నాన్నగారు సైన్సు అంటున్నారు. నేను డాక్టరవుతానంటున్నారు" అంది. ఆవిడ కళ్ళజోడు తీసి, ముందుకి వంగి, మెత్తగా, "అది మీ నాన్న మాట. నీకేం కావాలి తల్లీ?" అని అడిగారు.

చెప్పవే, చెప్పు, అని కళ్ళతోనే బతిమాలాను. అది నోరు తెరిచింది. అలవాటు చొప్పున తండ్రి వైపు తిరిగి, ఒక్క అక్షరం పొల్లు పోకుండా, "నాకేటి కావాలో అడుగుతున్నారు నాన్నా" అంది. అని, జవాబు కోసం ఆయన ముఖంలోకి చూస్తూ నిలబడింది.

"సైన్సే. ఎన్నిసార్లు సెప్పాలి?" అన్నారు బావగారు.

అదీ బెంగాలీలో చెప్పింది. ఆవిడ రాయలేదు. కలం ఎత్తి పట్టుకునే నా వైపు చూశారు. బెంగాలీ వచ్చిన నోరు నాది, తెరిస్తే ఒక్క వాక్యం. అక్క కాపురం, ఆయన కోపం, నాకెందుకులే అనుకుని గోడ మీది పటం చూశాను. ఛీ, పిన్నినట నేను! ఆ పిల్ల డాక్టరూ కాలేదు, చరిత్రా చదవలేదు. కాలం ఎవరి కోసమూ ఆగదంటారు, శుద్ధ అబద్ధం. ఆ పొద్దున్న అది మా కోసం నిమిషంపైనే ఆగింది, మేమే నోరు విప్పలేదు.