వీధి వైపు చిన్న కిటికీ

నా చిన్నప్పుడు చిలకలగూడలో మా ఇంటి ముందు వాటా అద్దెకిచ్చేవాళ్ళం. రెండు గదులు, వీధిలోకి ఒకే దర్వాజ. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసే ఒకాయన భార్యతో, కూతురితో అందులో ఉండేవాడు. ఆ పిల్లది నా ఈడే. సాయంత్రం వర్క్‌షాపు సైరన్ మోగిందంటే చాలు, ఆట ఎంత రంజుగా ఉన్నా వదిలేసి పోయి గడప మీద కూర్చునేది. వాళ్ళ నాన్న సైకిల్ దిగి, ఖాళీ టిఫిన్ డబ్బా దాని చేతికిచ్చి లోపలికి వచ్చేవాడు. ఖాళీ డబ్బా కోసం అంత ఎదురుచూపేమిటో నాకు అర్థమయ్యేది కాదు.

ఒక చలికాలం తెల్లవారుజామున ఆయన గుండెనొప్పితో ఆ గదిలోనే పోయాడు. నక్షత్రం మంచిది కాదని, ఆ వాటాకు ఆరు నెలలు తాళం పెట్టాలని పంతులుగారు చెప్పారు. అలాంటి ఇంట్లో దీపం పెట్టకూడదు, మనిషి మసలకూడదు. మా వాళ్ళకు ఆ పట్టింపు గట్టిది. తల్లీకూతుళ్ళు మా వెనక వసారాలో చాప పరుచుకున్నారు. వేరే ఇల్లు వెతుకుదామంటే, మైలలో ఉన్నవాళ్ళకు అద్దెకిచ్చే ధైర్యం ఎవరికుంది? ఊరికి తీసుకుపోతానని ఆమె అన్న వచ్చి కూర్చున్నాడు. పోతే, భర్త బదులు ఆమెకు వర్క్‌షాపులో ఇస్తామన్న పని పోయినట్టే. ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. మూటలు కట్టడం మొదలుపెట్టింది.

ఆ మూటలు చూసిన మా నాయనమ్మ కొంగు నడుముకు చుట్టి, నన్ను వెంటబెట్టుకుని పంతులుగారింటికి బయలుదేరింది. గుమ్మంలో నిలబడే అడిగింది.

"అయ్యా, తాళం గదులకా, పీనుగు ఎల్లిన దర్వాజకా?"

ఆయన ఆమె ముఖంలోకి చూసి, "దర్వాజకే అనుకోమ్మా," అన్నాడు.

"అయితే గా దర్వాజనే లేకుండ చేస్త," అని వెనక్కి తిరిగింది.

తోవలో నాకు విడమరిచి చెప్పింది. వీధి దర్వాజ ఇటుకలతో మూసేసి, మా లోపలి వాకిట్లోకి కొత్తది తెరుస్తాం. వాళ్ళు ఇక మా వాకిట్లోంచి వచ్చిపోతారు. శాస్త్రం మాట దక్కుతుంది, తల్లీబిడ్డలకు నీడా దక్కుతుంది. మా నాయనమ్మ తెలివికి నేను మురిసిపోయాను.

ఆ ఆదివారం పని షురూ అయింది. పెళ్ళికి పిలిస్తే బంతి లేచాక వచ్చే మా చుట్టాలు, ఇటుకలు మోయాలంటే తెల్లారేసరికే దిగారు. మౌలాలి నుంచి మా మేనమామ తాపీ, తట్టా పట్టుకొచ్చాడు. ఆయన మేస్త్రి. చనిపోయినాయన దోస్తులు కొత్త దర్వాజ చౌకట్టు భుజాల మీద మోసుకొచ్చారు. మా అమ్మ చాయ్ మీద చాయ్ పెట్టింది. రెండు గదులకూ వెల్ల వేసి, నేల అలికారు. ఏడ్చినవాళ్ళు ఏడుస్తూనే పనిచేశారు. ఆ తల్లి కూడా ఇటుకలు అందించింది.

మర్నాడు సాయంత్రం పాత దర్వాజలో గోడ మా నడుము ఎత్తు లేచింది. అప్పుడు సైరన్ మోగింది. ఆ పిల్ల ఎప్పటిలాగే పరుగెత్తుకొచ్చింది. కూర్చోవడానికి గడప లేదు. ఇటుకల మీద చెయ్యి పెట్టి చూసి, మా మేనమామను అడిగింది.

"మామా, గిది మూసేస్తే మా నాయిన ఏడికెల్లి వస్తడు?"

తాపీ ఆగిపోయింది. అన్ని రోజులూ నలుగురిలో కన్నీరు పెట్టని ఆ తల్లి, చేతిలోని ఇటుక ఒళ్ళో పెట్టుకుని కూలబడి ఏడ్చింది. మా నాయనమ్మ వచ్చి పిల్ల పక్కనే నేల మీద కూర్చుండిపోయింది. కొడుకును పిలిచినట్టు మెల్లగా మా మేనమామను పిలిచింది.

"జెర గీడ ఇటుకలు తియ్యి. పిల్ల కూసుంటే కండ్లకు అందేటట్టు కిటికీ పెట్టు."

"ఎందుకత్తా, ఇంకా ఆశ పెట్టుడు?" అన్నాడు మామ.

"ఆశ నేను పెట్టలె. నేను తీసేది సుత లేదు. వస్తడో రాడో అదే చూసుకుంటది."

అలా వెలిసింది ఆ కిటికీ. మూడు ఇనుప చువ్వలు, నేల నుంచి మోకాలి ఎత్తున. తల్లికి పని దొరికింది. పిల్ల మాత్రం సైరన్ వినగానే పోయి చువ్వలు పట్టుకుని కూర్చునేది. దాన్ని ఎవరూ పిలవకూడదని, ఏమీ చెప్పకూడదని నాయనమ్మ గట్టి ఆజ్ఞ. నేను ఆట ఆపి ఎదురుచూసేదాన్ని. మళ్ళీ చలికాలం వచ్చింది. ఒకరోజు అచ్చనగాయలు ఆడుతుంటే సైరన్ మోగింది. అది లేవలేదు. తన వంతు ఆడేసి, "నీదే ఇగ," అంది. నేను గెలిచే ఆటే అయినా నాకు దుఃఖం ఆగలేదు.

ఇప్పుడు నాయనమ్మ లేదు. ఇల్లు నా చేతికొచ్చింది. మొన్న అద్దెకిద్దామని ఆ వాటా బాగుచేయిస్తుంటే, సాయానికొచ్చిన మా మేనల్లుడు, "గీ కిటికీ ఏందత్తా ఇంత కిందికి? మూసేద్దాం," అన్నాడు. వద్దన్నాను. ఎవరికి ఏ మంచి చేయబోయినా ఆ పిల్ల ప్రశ్న నా చెవిలో పడుతూనే ఉంటుంది. నా మంచితనం ఎవరి గడప మీద గోడ కడుతోందో చూసుకుని గాని అడుగు వేయను.

వాళ్ళంతా భోజనానికి వెళ్ళాక, మోకాళ్ళు మొరాయిస్తున్నా, మొదటిసారి ఆ కిటికీ ముందు నేల మీద కూర్చుని బయటికి చూశాను. అక్కడి నుంచి మనుషుల ముఖాలు కనబడవు. చక్రాలు, చెప్పులు, ఆగకుండా వెళ్ళిపోయే కాళ్ళు. ఏడాది పొడుగునా ఆ పిల్ల చూసింది ఇదే.