ఏ కొండ?

బిస్సమ్ కటక్ నుంచి రాయగడ వస్తున్న బస్సులో నా పక్కన కొండ ఊరి ముసలావిడ కూర్చుంది. కాళ్ల దగ్గర సంత గంప. నేను ఇడ్లీలు తినేసి, అవి చుట్టిన సిల్వర్ కాగితాన్ని ఉండ చేసి కిటికీలోంచి పారెయ్యబోయేను. ఆవిడ చెయ్యి చాపింది. ఇచ్చేను.

ఉండ విప్పి, మోకాలి మీద పరిచి, గోటితో ముడతలు సాపు చేసింది.

"ఇది ఏటి, బాబు?" సంతలో నేర్చిన తెలుగులో అడిగింది.

"అల్యూమినియం, అమ్మా. కొండల్లో ఎర్రమట్టి తవ్వి, దాన్నుంచి తీస్తారు."

కాగితాన్ని వెలుతురుకి ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏ కొండ?"

నాకు నవ్వొచ్చింది. ఆవిడ మాత్రం బయట కనిపిస్తున్న కొండల్ని వేలితో చూపిస్తూ, ఇంట్లో పిల్లల్ని పిలిచినట్టు ఒక్కొక్కదాని పేరూ చెప్పింది. "ఇదా? అదా?" తెలీదన్నాను.

"ఊళ్లో అడుగుతాను, ఎవరి కొండో," అని కాగితం మడిచి కొంగున కట్టుకుని దిగిపోయింది.

రాయగడలో నాది హోల్‌సేల్ కొట్టు. పెళ్లిళ్ల రోజుల్లో ఆ కాగితం చుట్టలు అట్టపెట్టెలకి అట్టపెట్టెలు వెళ్లిపోతాయి. మర్నాడు ఒక పెట్టె తీసి నాలుగు వైపులా చదివేను. పొడవుంది, ధరుంది, కంపెనీ ఉన్న ఊరుంది. కొండ పేరు లేదు.