మనాది కాదన్న మనిషి

మొన్న పొద్దున కోరుట్ల నుంచి ఫోన్ వచ్చింది, మా పక్కింటి చెల్లె దవాఖానలనే పోయిందని. గుండె ఆగిందట. చాయ్ గ్లాసు కింద పెట్టి, అలవాటుగా ఆమెకే చెబుదామని నడిమి గోడ దిక్కు తిరిగిన. ఇన్నేండ్లు ఊర్లె ఎవరు పోయినా నాకు ఆమె, ఆమెకు నేను చెప్పుకున్నోళ్లం. ఇప్పుడీ వార్త ఎవలకు చెప్పాలె?

వరుసకు ఏమీ కాదు. అక్కా అని పిలిచేది, ప్రతి మాటకు ఎదురు చెప్పేది. సొంత చెల్లెండ్లు చేసేదీ అంతే గద. చేట ఒళ్లె పెట్టుకొని బీడీలు చేస్తుంటే చేతులు ఆకు మీద, నోరు వాడ మీద నడిచేది. నా నోరు కూడ మంచిదేం కాదు గానీ ఆమె ముందు నేను పసిపిల్లను. ఒకసారి కొత్త చీర కట్టుకొని ఎదురు పోతే, "చీర మంచిగున్నదక్కా, ఎవలకోసం తెచ్చినవ్?" అన్నది.

ఆమె పెనిమిటి మస్కట్‌ల పని చేస్తడు. ఒక సెలవుకు వచ్చినప్పుడు కుక్కపిల్లను తెచ్చి ఆమె చేతిల పెట్టి పోయిండు. దాని పేరు టైగర్. పిల్లి కనబడితే మంచం కిందికి దూరేది. ఆయన ఫోన్ చేస్తే మొగుడు పెండ్లాల ముచ్చట వాన పడ్డదా, పడ్డది అనేకాడనే ఒడిసేది. తర్వాత ఫోన్ టైగర్‌కు ఇయ్యమనేటోడు. తిన్నవారా, ఎండల తిరుగకురా, కాలు నొప్పి తక్కువైందారా అని దానితోని గంటసేపు. ఈమె స్పీకర్ పెట్టి, బీడీలు చేసుకుంట వినేది.

టైగర్ ముసలిదైంది. తిండి తగ్గింది, పక్కబొక్కలు తేలినయి. మా కోరుట్ల పక్క ఇబ్రహీంపట్నం దిక్కు ఇంటికొకలు గల్ఫ్‌ల ఉంటరు. అందుకే ఇంట్ల ఎవలు తినకపోయినా రోగం పేరు ఒక్కటే, మనాది. దేశం పోయినోని మీద బెంగ. కుక్కకూ అదే రోగమన్నం. ఆమె ఆయన పాత వాయిస్ మెసేజులు వినిపిచ్చేది. అది చెవులు నిక్కబొడిచి విని, లేచి నీళ్ల గిన్నె కాడికి పోయేది. గిన్నె నింపుడే ఆలస్యం, ఖాళీ. ఎన్నడూ లేనిది గడపలనే ఉచ్చ పోసుడు మొదలుపెట్టింది. పొద్దుగాల్నే కక్కేది, నోరంతా వాసన. తిండి లేకున్నా నీళ్లు మంచిగనే తాగుతున్నదని మేమందరం ధైర్యంగ ఉన్నం.

చివరికి ఆటోల వేసుకొని జగిత్యాల పోయినం. డాక్టర్ రక్తం చూసి, కిడ్నీలు పాడై చాన రోజులైందన్నడు. ముసలి కుక్క ఎక్కువ తాగుడు, ఎక్కువ పోసుడు, బక్కపడుడు, ఇవే గుర్తులట. ముందుగాల వస్తే ఇంకిన్ని రోజులు సుఖంగ ఉంచెటోళ్లమన్నడు. వచ్చేటప్పుడు దాని తల ఆమె ఒళ్లె ఉన్నది.

ఆ తర్వాత వాడల ఎవలు తినకపోయినా వదలకపోయేది. "మనాది తర్వాత. ముందుగాల రక్తం చూపియ్యి." నా షుగర్ బయటపడ్డది ఆమె పోరుతోనే. రోజూ మాత్ర మింగుకుంట ఆమెను తిట్టేదాన్ని. ఈ రెండు రోజులు తిట్టబుద్ధి కాలేదు.

వానకాలం మొదట్ల టైగర్ పోయింది. ఆ సంగతి మస్కట్‌కు చెప్పలేదామె. ఆయన ఫోన్ చేస్తే, టైగర్ పండుకునే గోనెసంచి మీద ఫోన్ పెట్టేది. ఆయన తిన్నవారా అని అడుగుతుంటే ఈమె పక్కన కూసొని వినేది. ఇదేం పని, చెప్పరాదా అని మందలిచ్చిన.

"చెప్త అక్కా. చెప్పినంక మా ఇద్దరికి మాట్లాడుకోను ఏముంటది?"



ఒకనాడు పొద్దుగూకే యాల్ల చెప్పేసింది. నేను ఆమె అరుగు మీదనే ఉన్న. చెప్పి, స్పీకర్ బంద్ చేసి, ఫోన్ చెవికి ఆనించుకొని కూసున్నది. ఏమంటుండని సైగ చేసిన.

"ఏమంటలేడు," అన్నది మెల్లగ. "ఫోన్ పెట్టేస్తలేడు."

చేటల తడిపి పెట్టిన ఆకు ఆరి, అంచులు ముడుచుకుంటున్నయి. ఆమె అటు చూస్తలేదు.