శుక్రవారం సెలవు

ఆ రోజు స్టాఫ్ రూములో ఉన్నవాళ్ళు: కొత్త హెడ్మాస్టరు, తెలుగు మాస్టారు, టీచరమ్మ, లెక్కలూ సైన్సూ చెప్పే నేను, వంటమనిషి. ఉన్న వస్తువులు: నాలుగు కుర్చీలు, ఒక గ్లోబు, గోడకి ఆనించిన పంపు పైపులు, కిరసనాయిలు స్టవ్వు, దాని మీద టీ. ఐదుగురికి నాలుగు కుర్చీలు కాబట్టి వంటమనిషి గుమ్మంలో గొంతుక్కూర్చున్నాడు. ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడాది, దసరా సెలవుల తర్వాత మొదటి వారం.

"వచ్చే నెల నుంచి మన బడికి ఆదివారం సెలవు ఉండదు. శుక్రవారం ఉంటుంది," అన్నారు హెడ్మాస్టరు.

టీ పొంగింది. ఎవరూ లేవలేదు. వంటమనిషే లోపలికొచ్చి స్టవ్వు ఆర్పాడు.

శుక్రవారం అరకు సంత. మాది దానికి మైలు దూరంలో ఉన్న ఆశ్రమ పాఠశాల. పిల్లలు అక్కడే తిని అక్కడే పడుకుంటారు. కానీ శుక్రవారం ఉదయం గంటకి ఉన్న పిల్లలు మధ్యాహ్నం అన్నానికి ఉండేవారు కాదు. ఒక్కొక్కరే వెనక కంచె దాటి సంతకి జారుకునేవారు. పాత హెడ్మాస్టరు ఉన్నన్నాళ్ళూ ఆ కంచె బాగు చేయించారు. దాని కోసం నేను రెండుసార్లు తీగ కొలతలు తీసిచ్చాను. కొత్తాయన కొయ్యూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చారు. కంచె జోలికి పోకుండా వారాన్నే మార్చేస్తానన్నారు.

"ఏటండీ ఇది? ఆదివారం బడేటండీ?" అన్నారు తెలుగు మాస్టారు. కొత్తాయన వచ్చేదాకా హెడ్మాస్టరు కుర్చీ తనదేనని అనుకున్న మనిషి ఆయన.

"ఆదివారం ఆరాధనకి వెళ్ళకపోతే మా పాస్టరు గారికి నేనేం చెప్పుకోను?" అంది టీచరమ్మ.

"మీ పీరియడ్లన్నీ మధ్యాహ్నం పెడతానమ్మా. పొద్దున్న ఆరాధనకి వెళ్ళి రండి," అన్నారు హెడ్మాస్టరు. కారణం కూడా చెప్పారు. ఎనిమిదో తరగతిని ఆ ఏడాదే ప్రయోగంగా ఇచ్చారు. ఇన్‌స్పెక్షనుకి వచ్చినప్పుడు సగం బెంచీలు ఖాళీగా కనబడితే తరగతిని ఎత్తేసి కింద మైదానంలో ఉన్న బడిలో కలిపేస్తారు. మగపిల్లల్లో కొందరైనా దిగుతారు. ఆడపిల్లలు ఏడుగురిలో ఒక్కరు కూడా కొండ దిగరు.

కారణం సబబుగానే ఉంది. అందుకే నమ్మబుద్ధి కాలేదు. విశాఖపట్నం పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేసి, ఫ్యాక్టరీ ఉద్యోగం వచ్చేదాకా అని ఈ కొండెక్కినవాణ్ణి నేను. యంత్రం మారుస్తామంటే పాతది ఎక్కడ చెడిందో ముందు చూడమని మాకు నేర్పారు. ఈయన వచ్చి రెండు నెలలు కాలేదు. ఇంత త్వరగా ఏం చూశారు? మేం అనుకున్నవి మూడు. ఒకటి, శనివారం ప్యాసింజరు ఎక్కి ఇంటికి పోయే మమ్మల్ని విసిగించి పంపేసి తన మనుషుల్ని తెచ్చుకుంటారు. రెండు, టీచరమ్మ చర్చి మీద కోపం. మూడోది తెలుగు మాస్టారిది. సంతలో ఏదో బేరం ఉంది.

"పతీ శుక్రారం ఎక్కడికెళ్తన్నాడో నువ్వెళ్ళి సూడు నాయనా," అన్నారాయన. చనువుగా మాట్లాడేటప్పుడు ఆయన నోట వాళ్ళ ఊరి మాట వచ్చేసేది. "నన్ను సూస్తే జారుకుంటాడు. నువ్వు కుర్రోడివి, పట్టించుకోడు."

వెళ్ళాను. సంతలో అందరికన్నా పెద్ద షావుకారు చింతపండు కాటా పక్కన, గోనె బస్తా మీద కూర్చుని, షావుకారు తెప్పించిన టీ తాగుతున్నారు హెడ్మాస్టరు. మూడో అనుమానం రుజువైపోయిందనుకున్నాను. అయినా చింతచెట్టు చాటున నిలబడి చూశాను.

ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె తల్లితో వచ్చింది. తల్లికి తెలుగు రాదు. గంప దించి వెనక్కి తప్పుకుంది. కాటా ముందు నిలబడ్డది పిల్ల.

"షావుకారూ, ముల్లింకా ఆగలేదు," అంది.

"ఓలమ్మో! ఈ గుంట ఆఫీసరైపోనాది! బేగి తియ్యే, ఎనకాల జనం ఉన్నారు!"

"ఆగనీ."

షావుకారు హెడ్మాస్టరు వైపు చూశాడు. ఆయన టీ తాగుతూనే ఉన్నారు. ముల్లు ఆగింది. పిల్ల అంకె పైకి చదివింది, తల్లికి తమ భాషలో చెప్పింది. మిగతా కాటాల దగ్గర కూడా అలాగే మా బడి పిల్లలు నిలబడి ఉన్నారు. కొండ మీద నుంచి కావిళ్ళలో పసుపూ పిప్పళ్ళూ దించుకొచ్చే ప్రతి ఇంటికీ శుక్రవారం అంకెలు తెలిసిన మనిషి ఒకరు కావాలి. ఆ మనిషి మా బడిలో ఉంటాడు. కంచె ఎందుకు నిలవలేదో అప్పుడు అర్థమైంది. టీ తాగుతున్నాయన మీద అనుమానం మాత్రం పూర్తిగా పోలేదు. ఊరికే టీ ఎవరు పోస్తారు?

తిరిగి వస్తుంటే షావుకారు నన్ను కేకేశాడు. "మాస్టారూ! ఆదోరం బడంట గదా? పిల్లలకి దేవుడి రోజు లేకండా సేత్తారేటండీ? మీలాటోరు పైకి రాయాల."

ఏడాదిన్నరలో బడి గురించి ఆ మనిషి అడిగిన మొదటి మాట అది. ఆ రోజు నుంచి నా అనుమానం రెండుగా చీలి, సగం షావుకారు మీదకి పోయింది.

తెలుగు మాస్టారి వాదనలోనూ బలం లేకపోలేదు. "సంతలో తల్లీ తండ్రీ కనబడతారు. పిల్లని కూడా ఇంటికి తీసుకుపోతారు. మళ్ళీ పెద్దోళ్ళు కొండ దిగేది వచ్చే శుక్రారమే. పిల్లని ఒంటిగా పంపరు కదా. ఒక రోజు దక్కించుకోడానికి వారం పోతాది."

దీనికి హెడ్మాస్టరు జవాబు శుక్రవారం రాత్రి ఎండు చేపల పులుసు. వారంలో మిగతా రోజులన్నీ పప్పే. సాయంత్రానికి వాసన సంతదాకా పోయేట్టు పొయ్యి బయట పెట్టించారు. తెలుగు మాస్టారు ముక్కుకి ఉత్తరీయం అడ్డం పెట్టుకుని, "గురువుల కన్నా చేపకే విలువ ఎక్కువన్నమాట," అన్నారు. "ఇప్పటికి అంతేనండీ," అన్నారు హెడ్మాస్టరు. చాలామంది వచ్చేవారు. కొందరు వచ్చేవారు కాదు.

కొండ మీద నూనెగింజల పంట వలిసెలు కోసే వారం వచ్చింది. పొలంలో ప్రతి చెయ్యీ కావాలి, ఎక్కువమంది పిల్లల్ని ఇళ్ళకి తీసుకుపోయేది ఆ వారమే. సరిగ్గా ఆ శుక్రవారం ఇన్‌స్పెక్టరు గారి జీపు వచ్చింది. నేను పంపు బాగు చేయడానికి ఆగిపోయాను. కొత్త సెలవు ప్రకారం తెలుగు మాస్టారు గురువారం సాయంత్రమే రైలెక్కి ఉండాలి. ఎక్కలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు దగ్గర ఉన్నారు. ఇన్‌స్పెక్టరుని ఎవరో రప్పించారనుకున్నాను. కానీ ఆఫీసుల జీపులు కొండెక్కేది ఎప్పుడూ సంత రోజే, డ్రైవరు కోళ్ళూ రాజ్‌మా కొనుక్కోవాలి కదా. అందువల్ల ఏదీ తేల్చలేకపోయాను. ఈ రోజుకీ తేల్చలేను.

"బడి తాళం వేసుందేమిటి? ఎవర్నడిగి మార్చారు?" అన్నారు ఇన్‌స్పెక్టరు.

"ఆఫీసుకి మూడుసార్లు రాశానండి," అన్నారు హెడ్మాస్టరు. " సరేనని రాలేదు, వద్దని రాలేదు. పిల్లలు సంతలో ఉన్నారు. రండి, అక్కడే హాజరు తీద్దాం."

"సంతలో హాజరేమిటయ్యా? ఏ పిల్లాడైనా ఉన్నానండీ అంటాడు. రేపు వద్దు, శనివారం ఏ బడైనా నడుస్తుంది. ఆదివారం నడుపుతున్నానంటున్నారుగా, అది చూస్తాను. సగం లేకపోతే తరగతి కిందకి పోయినట్టే."

శనివారం ఎనిమిదో తరగతిలో తొమ్మిది మందే ఉన్నారు, సగానికి ఇద్దరు తక్కువ. పులుసు కూడా ఓడిపోయింది.

మధ్యాహ్నం టీచరమ్మ చెప్పులు చేతిలో పట్టుకుని వంటమనిషిని తోడు పిలిచింది. ఆమెకి ఆ కొండ భాష వచ్చు. "పైన రెండు ఊళ్ళకి వెళ్ళొస్తాను. రాత్రికి అక్కడే ఉంటాను."

"రేపు మీ ఆరాధనో?" అన్నాను.

"పాస్టరు గారికి వచ్చే వారం చెప్పుకుంటాను. ఈ ఏడాది బడి పోతే మా గుంటలకి పెళ్ళిళ్ళు చేసేస్తారు. అప్పుడెవరికి చెప్పుకోమంటారు?"

ఆమే వెళ్తుందని హెడ్మాస్టరు ముందే లెక్క వేసుకున్నారేమోనని కూడా అనిపించింది నాకు.

ఆదివారం ప్రార్థన గంటకి ఇన్‌స్పెక్టరు వచ్చి, ఎనిమిదో తరగతి గదిలో నా కుర్చీలో కూర్చున్నారు. మొదటి పీరియడు నాది. బోర్డు మీద త్రిభుజం గీశాను. కిటికీలోంచి దారి కనబడుతోంది, దారి మీద మంచు. రెండో సిద్ధాంతం సగంలో ఉండగా మంచులోంచి ముందు వంటమనిషి, వెనక వరసగా పిల్లలు, చివర టీచరమ్మ దిగారు. పిల్లల బట్టలకి వలిసె పొట్టు అంటుకునే ఉంది. వచ్చి బెంచీల్లో కూర్చున్నారు.

ఇన్‌స్పెక్టరు నమ్మలేదు. ఏడో తరగతి వాళ్ళని తెచ్చి కూర్చోబెట్టామేమోనని ఒక్కొక్కరినీ లేపి ఊరి పేరు, తండ్రి పేరు అడిగారు, పాఠం చదివించారు. తలలు తనే లెక్కపెట్టారు. అనుమానం తీరక మళ్ళీ నన్ను లెక్కపెట్టమన్నారు.

పట్టీలో ఇరవై ఇద్దరు. హాజరు పద్నాలుగు. అందులో ఆడపిల్లలు ఏడుగురు.