ఆధారం లేని బొంత

అల్లుడి కారులో ముందు ఇద్దరు, వెనుక ముగ్గురు పడతారు. ముందు అల్లుడూ మా అమ్మాయీ, వెనుక మనవడి కార్‌సీటు, దాని పక్కన మనవరాలు. మిగిలేది ఒక్క చోటు. ఆ శనివారం ప్రయాణంలో ఆ చోటు నాదేనని ఎవరినీ అడగకుండానే నిర్ధారించుకున్నాను. ఆధారం లేని నిర్ధారణలను ఉద్యోగమంతా తప్పుపట్టినదాన్ని, దీనిని మాత్రం పరీక్షించలేదు. హైవే మీద సొంతంగా డ్రైవ్ చేయడం మానేసి చాలా కాలమైంది కనుక నాకు వేరే దారి కూడా లేదు.

మేము చూడదలచినది మేముండే కెనడాలోని లండన్‌కు నైరుతి దిక్కున, పొలాల మధ్య ఉన్న చిన్న మ్యూజియం. అమెరికాలో బానిసత్వం నుంచి తప్పించుకుని సరిహద్దు దాటి వచ్చిన నల్లజాతి కుటుంబాలు ఆ ప్రాంతంలో భూమి కొనుక్కుని, బడి కట్టుకుని స్థిరపడ్డాయి. ఐదో తరగతి చదువుతున్న మనవరాలు దాని గురించి క్లాసులో మాట్లాడాలి. ఆసుపత్రి ల్యాబులో సూక్ష్మజీవుల పరీక్షలు చేసి రిటైరైన నాకు ఇటువంటి పని దొరకడం పండుగతో సమానం. లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చి చదివాను. వాళ్ళు వచ్చిన మార్గాన్ని ‘అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్’ అంటారు గాని అందులో రైలూ లేదు, సొరంగమూ లేదు, పారిపోతున్నవారిని రహస్యంగా ఒక ఇంటి నుంచి మరో ఇంటికి చేర్చిన మనుషులే ఉన్నారని పిల్లకు వివరించడానికి సిద్ధపడి అమ్మాయి ఇంటికి వెళ్ళాను.

ఆ సంగతి పిల్లకు అప్పటికే తెలుసు. వియ్యపురాలు చెప్పేశారు.

వియ్యపురాలు కరీంనగర్ దగ్గర ఒక బడిలో హెడ్మిస్ట్రెస్‌గా పనిచేసి రిటైరయ్యారు. మనవడిని చూసుకోవడానికి వచ్చి కొడుకు ఇంట్లోనే ఉంటున్నారు. ఆ రోజు సోఫా మీద పాత చీరలు పరచుకుని బొంత కుడుతున్నారు. మనవరాలు ఆవిడ తొడకు ఆనుకుని సూదిలో దారం ఎక్కిస్తున్నది. నా దగ్గర ఆ పిల్ల అంత దగ్గరగా కూర్చోదు. మా ఇద్దరి మధ్య ఎప్పుడూ ఒక మైక్రోస్కోపు ఉంటుంది.

“అమ్మమ్మా, ఇది సీక్రెట్ కోడ్,” అన్నది, బొంత మీద కుట్టిన చక్రాన్ని చూపిస్తూ. “వీల్ అంటే ప్యాక్ చేసుకో. బర్డ్స్ అంటే నార్త్‌కి వెళ్ళు. ఇలాంటి బొంతని ఫెన్స్ మీద వేస్తారు, స్లేవ్స్ అది చూసి ఎస్కేప్ అవుతారు.”

“ఎవరు చెప్పారు?”

“నానమ్మ.”

“వీడియోల చూసిన వదినా,” అన్నారు వియ్యపురాలు. “మంచిగ చెప్పిండ్రు. ఈ బొంతను మ్యూజియంకు పట్కపోదామంటుంది పిల్ల.”

పట్కపోదాం. ఆ ‘దాం’లో ఎవరెవరు ఉన్నారో నేను అడగలేదు. నేను లేనని మాత్రం అర్థమైంది.

“నానమ్మా, ఆ గడీ స్టోరీ మళ్ళీ చెప్పు,” అన్నది పిల్ల.

“మా నాయనమ్మ దొర గడీల వెట్టి చేసింది బిడ్డా. పొద్దుగాల పోతే పొద్దుగూకినంక వచ్చుడు. వడ్లు దంచుడు, ఇసుర్రాయి ఇసురుడు. పైస ఇయ్యరు. కాదనడానికి లేదు. ఒకనాడు రోకలి ఆడనే పడేసి, మా నాయనను సంకనేసుకుని బయటికొచ్చింది. మళ్ళ పోలే.”

“అది ఏ సంవత్సరం వదినగారూ?” అని అడిగాను.

“సంవత్సరం ఆమెకు ఎవరు చెప్పిండ్రు వదినా? ఆ ఏడు చింతకాయ మస్తు కాసిందని చెప్పేది, అంతే.” ఆవిడ పిల్ల వైపు వంగారు. “చూసినవా, అమ్మమ్మ ల్యాబ్ రిపోర్ట్ అడుగుతుంది.”

ఇద్దరూ నవ్వారు. వంటింట్లోంచి మా అమ్మాయి కూడా నవ్వింది.

వెట్టి చేసిన నాయనమ్మ నాకు లేనందుకు అసూయపడటం ఎంత అసంబద్ధమో నాకు తెలుసు. అయినా పడ్డాను. మా ఇంట్లో వడ్లు దంచినవాళ్ళు ఉండేవారు గాని దంచిన నాయనమ్మ లేదు. వాళ్ళకు ఏమి ఇచ్చేవారో నాకు తెలియదు. అన్నీ అడిగే నేను ఆ ఒక్కటి ఎప్పుడూ అడగలేదు. పిల్లకు చెప్పడానికి నా వద్ద చదివినవి తప్ప ఏమీ లేవు.

మా అమ్మాయి ఫోను పట్టుకుని వచ్చింది. “టికెట్లు బుక్ చేస్తున్నా. మీ ఇద్దర్లో ఎవరొస్తున్నారు?”

పిల్ల నోరు తెరవబోతున్నది. ఏ పేరు వస్తుందో నాకు తెలుసు. నేను ముందే అందుకున్నాను.

“బొంతల కోడ్ నిజమని ఆధారం లేదమ్మా. పారిపోయి వచ్చినవాళ్ళు ఆ రోజుల్లో చెప్పుకున్న కథల్లో అది కనిపించదు. చాలా కాలం తరువాత పుట్టిన మాట. చరిత్రకారులు చాలామంది ఒప్పుకోరు.”

“సో, ఫాల్స్?”

“ఫాల్స్ అనను. రుజువు కాలేదు.”

నేను చెప్పినదానిలో ఒక్క అక్షరం తప్పు లేదు. పిల్ల సూదిని చీర అంచుకు గుచ్చి వదిలేసింది. వియ్యపురాలు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు.

“నాకు ఎరుకలే వదినా. బళ్ళె ఉంటే నేను గూడ అడిగేదాన్నే, యాడ రాసుందని. మీరు చెప్పుడు మంచిగయింది, పిల్ల క్లాసుల తప్పు చెప్తుండె.” తరువాత కోడలి వైపు తిరిగారు. “మీ అమ్మనే తీస్కపోండ్రి. ఆమెకు అన్నీ ఎరుక. నేను చిన్నోని బట్టలు మడతపెట్టుకుంట ఇంట్ల ఉంట.”

నాకు చోటు దొరికింది. పిల్ల ఎంచుకుంటే దొరకవలసినది, ఆవిడ ఇస్తే దొరికింది. మొహమాటానికైనా ఒకసారి ‘మీరే వెళ్ళండి’ అనవలసింది. అంటే ఆవిడ ఒప్పుకుంటారేమోనన్న భయంతో అనలేదు. “సరే అయితే,” అన్నాను. మా అమ్మాయి నా వైపు ఒక్క క్షణం చూసి టికెట్లు బుక్ చేసింది.

“నానమ్మా, నువ్వు రావట్లేదుగా. నీ కోసం అక్కడ ఏం అడగాలి?” అన్నది పిల్ల.

వియ్యపురాలు దారం కొరికి ఆలోచించారు. “ఈడికి వచ్చినంక పనికి పోయి ఉంటరు కద. కూలి ఇచ్చిండ్రా? తెల్లోళ్ళకు ఇచ్చినంతనే ఇచ్చిండ్రా? అది అడుగు.”

నేను తెచ్చిన పుస్తకాలన్నీ ఎలా తప్పించుకున్నారన్న దగ్గరే నన్ను నిలబెట్టాయి. ఆ ప్రశ్న నాకు తట్టి ఉంటే ఎంత బాగుండేదో.

“కూలి అంటే?” అన్నది పిల్ల.

నాలుక చివరన జవాబు ఉంది. పిల్ల ముఖం నానమ్మ వైపు ఉంది.