నేను చేసిన తప్పు తర్జుమా

పక్కింట్లో గడ్డి కోసే మిషను మోగి పెట్రోలు వాసన వచ్చిందంటే చాలు, నాకు సువార్తమ్మ టీచరు గారు గుర్తొస్తారు. ఏలూరులో మా ఇంటి వరండాలో నిలబడి మనసులోనే ఆవిడతో వాదన పెట్టుకుంటాను. ఆవిడ పోయి ఏడేళ్లయింది. వాదన మాత్రం తెగలేదు.

మాది దెందులూరు దాటి కొల్లేరు వైపు వెళ్తే వచ్చే చిన్న ఊరు. టీచరు గారు మిషన్ స్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరై మా పక్కింట్లో ఉండేవారు. నాకు నాలుగు ముక్కలు ఇంగ్లీషు వచ్చిందంటే ఆవిడ చలవే. కొల్లేరులో చేపల చెరువులు అక్రమమని సర్కారు వాటి గట్లు తెగ్గొట్టించిన మరుసటి చలికాలం, నేను డిగ్రీ చదువుతుండగా, మా ఊళ్లో జీపుల్లోంచి తెలుగు రాని అయిదుగురు దిగారు. వీపుకి గడ్డి మిషనులా మోగే పెట్రోలు ఇంజను కట్టుకుని, నెత్తిన పారాచూట్ విప్పుకుని, ఎండిన చెరువులో పరుగెత్తి గాల్లోకి లేచేవారు. ఎక్కడెక్కడో కొండల మీంచి దూకి, ఇక కొల్లేరు మీద ఎగరాలన్న సరదాతో వచ్చారట.

సరదా అంటే మా ఊరు నమ్మలేదు. మిగిలిన చెరువుల్ని పైనించి కొలవడానికి సర్కారు పంపిన ఆఫీసర్లనుకుంది. ఇక చూడండి, మర్యాదలే మర్యాదలు! దండలు వేశారు, శీలావతి చేపల పులుసు వండి కొసరి కొసరి వడ్డించారు. వాళ్లేమో ఇంత ప్రేమగల ఊరిని ఎక్కడా చూడలేదని పొంగిపోయారు. "వాళ్లు ఆఫీసర్లు కారండీ" అని వాళ్లతో మాట్లాడొచ్చిన టీచరు గారు ఇంటింటికీ చెప్పారు. "మీకు తెలీదులెండి టీచరు గారూ. ప్రాణం మీదకి తెచ్చుకునే సరదా ఎవరికుంటుందండీ?" అన్నాడు మా నాన్న.

నాన్నకి మిగిలింది ఒక్క చెరువు. గట్టు కొట్టేస్తే చేపలన్నీ కొట్టుకుపోతాయన్న భయంతో, ఎదగని వాటినే మర్నాడు పట్టించేద్దామని వల వేసేవాళ్లని పిలిచాడు. అయినా ఆశ చావక, ఆ సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని వచ్చినవాళ్లలో పెద్దాయన ముందు చేతులు జోడించాడు. "మా చెరువు జోలికి రావద్దని చెప్పమ్మా" అన్నాడు నాతో. ఆఫీసర్లే కానివాళ్లని నాన్న బతిమాలుతుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. "రేపు మా ఇంటికి భోజనానికి రమ్మంటున్నారు" అని ఇంగ్లీషులో చెప్పాను. ఆయన తప్పకుండా అంటూ నవ్వాడు. "చూసుకుంటానన్నారు నాన్నా" అన్నాను. నాన్న ముఖం వెలిగిపోయింది. వల వేసేవాళ్లని వద్దని పంపేశాడు.

పక్కనే ఉన్న టీచరు గారు అంతా విన్నారు. ఇంటికి పిలిచి, పాఠం అప్పజెప్పించుకున్నట్టు అడిగారు. "మీ నాన్నగారు ఏమన్నారు? నువ్వేం చెప్పావు? మళ్లీ చెప్పు." మూడోసారికి నాకు ఏడుపొచ్చేసింది.

"నాన్న సంతోషంగా ఉన్నారు కదండీ!"

"చేపల్ని ఉంచాలో పట్టాలో తేల్చుకోవాల్సింది ఆయనమ్మా. నిజం తెలిస్తే కదా తేల్చుకునేది? నమ్మినవాణ్ణి నట్టేట ముంచకు."

వెళ్లి చెప్పేశాను. నాన్న తిట్టలేదు, వల వేసేవాళ్లకి మళ్లీ కబురు పెట్టాడు. తెల్లారి వల వేయించి, అరచెయ్యంత చేపల్ని అయినకాడికి అమ్మేశాడు. నా అబద్ధం పుణ్యమా అని మధ్యాహ్నం అయిదుగురూ భోజనానికి దిగారు. నేను గదిలో దాక్కున్నాను. "ఆఫీసర్లు కాకపోతే ఆకలేయదా ఏంటి? విస్తళ్లు వెయ్యి" అన్నాడు నాన్న.

తీరా చూస్తే, ఆ చెరువు జోలికి ఎవరూ రానేలేదు! రెండు నెలలు ఆగుంటే ఎంత బాగుండేదో అని ఊరంతా బుగ్గలు నొక్కుకుంది. నాకు పిచ్చెక్కినట్టయింది. అబద్ధం నిలబెట్టేది, నిజం ముంచింది. టీచరు గారిని నిలదీశాను. "ఏమోనమ్మా, నాకూ తెలీడం లేదు. మళ్లీ అడిగినా నిజం చెప్పమనే అంటాను" అన్నారు. ఇదెక్కడి న్యాయం? కోపంతో నెల రోజులు ఆవిడ గుమ్మం తొక్కలేదు.

పోయినేడాది నాన్నకి జబ్బు చేసింది. డాక్టరు నన్నొక్కదాన్నే లోపలికి పిలిచి, ఇక ఎక్కువ రోజులు లేవని చెప్పారు. బయటికొచ్చేసరికి చుట్టాలంతా చెప్పొద్దని కళ్లతో సైగలు చేస్తున్నారు. నాన్న వాళ్లనెవరినీ అడగలేదు. "నువ్వయితే దాచవు. చెప్పమ్మా" అన్నాడు నాతో.

చెప్పాను. ఆయన నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. మంచి చేశానో చెడు చేశానో, అడుగుదామంటే టీచరు గారు లేరు.