ముసురులో మడిబట్ట

మా అమ్మ బతికిన చివరి వానాకాలంలో ఆమెకు తెల్లచీరలు రెండే మిగిలాయి. అంతకు ముందు ఐదు ఉండేవి. మూడింటిని తానే చింపి, ఉడకబెట్టి, ఎండబెట్టి, తాడేపల్లిగూడెం పంపించింది. మా ఆవిడ అక్కడ పుట్టింట్లో పురిటికి ఉంది. పుట్టబోయే బిడ్డను కొత్తబట్టలో చుట్టకూడదని మా ఇళ్లలో ఆనవాయితీ. ఏళ్ల తరబడి ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడిన నేతచీర అయితేనే పొత్తిళ్లకు పనికొస్తుంది. ఏలూరు నుంచి కొత్త మల్లుగుడ్డ తెస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు.

"ఇంకా కళ్లే తెరవని గుడ్డుకి గంజిపెట్టిన గుడ్డేవిట్రా! నా చీరలున్నాయిగా. నాకు రెండు చాలు. ఒకటి ఒంటిమీద, ఒకటి దండెం మీద."

లెక్క సరిగ్గానే ఉంది. ఎండ కాసే రోజుల లెక్క అది. ముసురు పడితే ఆ లెక్క నిలవదని ఆమెకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

నేను దెందులూరు దాటాక కొల్లేటివైపు ఉన్న ఒక బియ్యం మిల్లులో కాటా దగ్గర పనిచేసేవాణ్ణి. బడిలో నేర్చుకున్నది తక్కువ. కూడికలూ తీసివేతలూ ధాన్యం బస్తాల మధ్యే నేర్చుకున్నాను. దేన్ని చూసినా ఎంత బరువుంటుంది, ఎంత తేమ ఉంటుంది, ఆరితే ఎంత తరుగుతుంది అని ఆలోచించడం నాకు ఊపిరి తీసుకోవడంలాంటిది. అలాంటివాణ్ణి, మా వసారాలో వేలాడే ఒక్క చీర ఆరిందో లేదో తేల్చుకోలేకపోయాను.

మడి సంగతి ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. నాన్న పోయినప్పటి నుంచి అమ్మది ఒంటిపూట భోజనం. పొద్దున్నే నూతి దగ్గర స్నానం చేసి, ముందురోజు ఉతికి ఆరేసిన చీర కట్టుకుని వండేది. ఆ చీర ఆరేటప్పుడు ఎవరూ ముట్టుకోకూడదు. అందుకే దండెం ఎత్తుగా ఉండేది, కర్రతో ఆరేసి కర్రతోనే తీసుకునేది. పెట్టెలో మడతపెట్టిన చీర ఎంత పొడిగా ఉన్నా మడికి పనికిరాదు. చీర ఆరకపోతే ఆ తడిచీరే కట్టుకుని పొయ్యి ముందు కూర్చునేది. పట్టుబట్టయితే రోజూ తడపక్కర్లేదు గానీ, నాన్న పోయాక పట్టు ముట్టనని ఒట్టు పెట్టుకుంది.

ఆ ఏడు శ్రావణంలో పట్టిన ముసురు భాద్రపదంలోనూ వదల్లేదు. తమ్మిలేరు పొంగింది. కొల్లేరు పైకి ఎక్కివచ్చి మా పెరటి చివర జమ్ముదాకా నిలిచింది. గోడలు చెమర్చాయి. ఉప్పుజాడీలో ఉప్పు నీరైంది. అమ్మ తడిచీరలోనే వంట చేస్తూ వచ్చింది. మొదట దగ్గు, తరువాత ఆయాసం. ఏలూరు తీసుకెళ్లి డాక్టరుకు చూపించాను. ఆయన నెమ్మదస్తుడు.

"మామ్మగారూ, మందు నేనిస్తానండి. కానీ ఛాతీమీద తడిబట్ట ఉండకూడదండి. ఉంటే నా మందు పనిచెయ్యదు."

"అలాగే నాయనా" అంది అమ్మ వినయంగా. మర్నాడు మళ్లీ తడిచీరలోనే పొయ్యి రాజేసింది.

నేను వండుతానన్నాను. "నువ్వు మాత్రం తడిపంచె కట్టుకునేగా వండాలి? నీకు రాదా దగ్గు?" అంది. పోనీ దండెం కింద కుంపటి పెడదామని మిల్లు నుంచి ఊక తెచ్చాను. ఊక చెమ్మగా ఉంది. ఇల్లంతా పొగ కమ్మి, ఆమె దగ్గు రెట్టింపయింది. కుంపటి తీసేశాను.

ఆ రోజుల్లోనే మా బావమరిది తాడేపల్లిగూడెం నుంచి వచ్చాడు. మనిషి సరదా అయినవాడు. సంచిలోంచి ఒక పల్చటి తెల్లచీర తీసి, గుప్పిట్లో ఇమిడ్చి, మళ్లీ వదిలాడు. ముడత పడలేదు. నైలాన్ చీరట. అప్పుడప్పుడే వస్తున్నాయి.

"చూడండి అత్తయ్యగారూ! నీళ్లలో ముంచి దులిపితే చాలండి, తాంబూలం నమిలేలోగా ఆరిపోతుంది. ముసురు లేదు, గిసురు లేదు."

చెంబుడు నీళ్లు పోసి చూపించాడు. నిజంగానే నీళ్లు తామరాకు మీద జారినట్టు జారిపోయాయి. నాకు ప్రాణం లేచివచ్చింది. అమ్మ దూరం నుంచే చూసింది.

"బాగుంది నాయనా. ఇది ఏ చెట్టుది?"

"చెట్టుది కాదండి. బొగ్గులోంచి తీస్తారటండి."

"బొగ్గు కట్టుకుని పొయ్యి ముందు కూచోమంటావా! అంటుకుంటే నేనే కుంపటినైపోతాను."

బావమరిది పడీపడీ నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. "అమ్మా, ఆరుతుంది కదా, అంతకంటే ఏం కావాలి?" అన్నాను.

"పత్తయితే చేలోది. ఉన్ని అయితే గొర్రెది. ఇది ఎవరిదో చెప్పు, కట్టుకుంటాను" అంది.

బావమరిది ఆ చీరను మడిచి సంచిలో పెట్టుకుంటూ, "మీ చెల్లెలు కట్టుకుంటుందిలెండి" అని నా వైపు కన్ను గీటాడు. అతని పెళ్లాం నాకు వరసకు చెల్లెలు. చెమటలు పట్టి ఒళ్లంతా పేలిందని, ఆవిడ ఆ చీరను కిటికీకి తెరగా కట్టేసిందని తరువాత తెలిసింది.

ఉన్ని అన్న మాట మాత్రం నేను పట్టుకున్నాను. ఉన్నికి మైల లేదంటారు. పూర్వం ధావళి అని సన్నటి ఉన్నిబట్ట మడికి కట్టుకునేవారు. రోజూ తడపక్కర్లేదు. ఏలూరులో తివాచీలు నేసేవారు ఉండనే ఉన్నారు. మిల్లుకు సెలవు పెట్టి, మోకాలిలోతు నీళ్లలో రోడ్డుదాకా నడిచి, బస్సెక్కి వెళ్లాను.

మగ్గం ముందు ఒక ముసలి సాయిబు కూర్చుని ముడులు వేస్తున్నాడు. నా మాటంతా విని, పక్కనున్న ఉన్ని కండె ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు.

"మెడమీద రుద్దుకుని చూడండి బాబుగారూ."

రుద్దుకున్నాను. గరగరలాడింది.

"ఇది కాళ్లకింద పరిచేదండి. అమ్మగారికి చుడితే ఒళ్లు గీరుకుపోతుంది. ధావళికి ఉన్ని వేరండి, గొర్రె వేరు. ఇక్కడ దొరకదు. పైనుంచి ఎవరైనా తెస్తే కబురు చేస్తాను."

మాట నిలబెట్టుకున్నాడు. కబురు కార్తీకంలో వచ్చింది. అప్పటికి ఇంట్లో ధావళి కట్టుకునేవారు లేరు.

తిరిగొచ్చేసరికి అమ్మ వంటింట్లో దగ్గుతోంది. "చీర ఆరిందా అమ్మా?" అని గుమ్మం బయట నుంచి అడిగాను. "ఆరింది" అంది. రోజూ అదే మాట. నేను ముట్టుకుని చూడటానికి లేదు. ఒకరోజు నేనూ నూతి దగ్గర స్నానం చేసి, తడిపంచెతో వచ్చి, మడిగానే దండెం మీది చీర అంచు పట్టుకుని చూశాను. తడి చేతికి పొడిగుడ్డ కూడా తడిగానే తగులుతుంది. ఏమీ తెలియలేదు. అమ్మ చూసి, "నీ చెయ్యి తగిలిన మేరా మళ్లీ తడిసింది" అంది.

అప్పుడు నాకు కాటా తట్టింది. ముట్టుకోకుండా తూచవచ్చు కదా! ఒక సన్నటి వెదురుబొంగు తెచ్చి, మధ్యలో తాడుతో వసారా దూలానికి వేలాడదీశాను. ఒక కొసన చీర, రెండో కొసన బరువు. చీర ఆరినకొద్దీ ఆ కొస లేస్తుంది. సమంగా నిలిస్తే ఆరినట్టు. దేవుడు కరుణించి ఒక మధ్యాహ్నం ఎండ కాసింది. చీర గలగలలాడేలా ఆరింది. ఆ ఆరిన చీరకు సరిపడా చిన్న గోనెసంచిలో ఇసుక పోసి, బొంగు నిక్కచ్చిగా తేల్చాను. అమ్మ అరుగుమీద కూర్చుని చూసింది.

"ధాన్యం అయిపోయిందేమిట్రా, అమ్మ చీర తూస్తున్నావు?"

మళ్లీ ముసురు పట్టింది. రెండోరోజు ఉదయానికి చీర కొస లేచింది. సమానం దాటి ఇంకా పైకి లేచింది. నాకు సంతోషం బదులు అనుమానం వచ్చింది. చీర ఎంత ఆరినా ఆరిన చీరకంటే తేలికవదు కదా! సంచి పిండి చూస్తే చెయ్యి తడిసింది. ముసురులో గోనె చెమ్మ తాగి బరువెక్కుతుందని మిల్లులో హమాలీలందరికీ తెలుసు. రోజూ బస్తాలు తూచే నాకూ తెలుసు. ఇంట్లో మటుకు గుర్తురాలేదు.

సంచి తీసేసి, ఎండ కాసిన రోజున రాసిపెట్టుకున్న దాని తూకానికి సరిపడా గులకరాళ్లు మిల్లు కాటామీద తూచి తెచ్చి కట్టాను. రాయి నీళ్లు తాగదు. ఇక తప్పు రావడానికి లేదు.

మర్నాడు పొద్దున అమ్మ స్నానం చేసి వచ్చింది. చీర ఉన్న కొస కిందికి వాలి ఉంది. జానెడు వాలి ఉంది.

"అమ్మా, ఇంకా ఆరలేదు. బొంగు చూడు."

చూసింది. బాగానే చూసింది. చేతికర్రతో చీరను తీసుకుంది. బరువు పోగానే రాళ్ల కొస ధడాలున కిందికి దిగింది.

"ఆరింది" అంది.

"అమ్మా!"

"అది ఆరేదాకా కూచుంటే దేవుడికి నైవేద్యం ఎప్పుడురా? నువ్వు మిల్లుకి ఏం తిని వెళతావు? తప్పుకో, తోవలోంచి."

తప్పుకున్నాను. అంతకుముందు ఆమె మాట నిజమో కాదో తెలియక బాధపడేవాణ్ణి. ఇప్పుడు తెలిసింది. తెలిసినా చెయ్యగలిగింది అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. లోపల పొయ్యి ఊదుతూ దగ్గుతుంటే, నేను ఊగుతున్న బొంగును చేత్తో పట్టి ఆపాను.

వారం తిరక్కుండానే ఆమెకు జ్వరం తగిలి, కూర్చుంటే గాని ఊపిరి అందని స్థితి వచ్చింది. రోడ్డు మునిగిపోయింది. కొల్లేట్లో చేపలుపట్టే ఒకాయన తన దోనెలో పరుపు వేసి, మమ్మల్ని మెట్టదాకా చేర్చడానికి వచ్చాడు. ఎక్కించేముందు అమ్మ వసారా వైపు చెయ్యి చూపింది.

"ఆ చీర తెచ్చుకో."

కర్ర కోసం వెతుకుతుంటే అంది, "చేత్తోనే తియ్యరా. ఇంకెక్కడి మడి."

తీశాను. బుద్ధి తెలిసిన తరువాత, పొడిచేత్తో అమ్మ మడిచీరను ముట్టుకోవడం అదే మొదలు. మధ్యలో పొడిగానే ఉంది. మడత పడిన చోటా, అంచుల వెంబడీ చల్లగా చెమ్మ.

ఏలూరు ఆస్పత్రిలో ఆమెను కిటికీ పక్క మంచం మీద పడుకోబెట్టారు. ఆస్పత్రి వాళ్ల ముతకదుప్పటి కప్పారు. మందు పడ్డాక సాయంత్రానికి కొంచెం తేరుకుంది. నేను చీరను కిటికీ ఊచలకు కట్టాను. గాలి వస్తోంది గానీ ఆ గాలిలోనూ వానే ఉంది. అందుకని ఒక కొస చేత్తో పట్టుకుని, వార్డు లోపలి వైపు చాచి నిలబడ్డాను.

అమ్మ కళ్లు తెరిచి చూసింది.

"ఆరిందా?"

పొడిచేత్తో అంచు తడిమాను. లేదు.

"ఇంకా లేదమ్మా" అన్నాను.

"సరే" అంది. ఒక ఊపిరి తీసుకుని, మళ్లీ అంది. "తొందరేముంది. ఆగుదాం."

నేను ఆ కొస పట్టుకునే నిలబడ్డాను.